నాస్ ‘ఇల్‌మ్యాటిక్’: నెమ్మదిగా అమ్ముడైన తొలి ఆల్బమ్ ర్యాప్‌కు కొలమానం ఎలా అయింది?

క్లుప్తంగా: న్యూయార్క్ ర్యాపర్ నాస్ తొలి ఆల్బమ్ ‘ఇల్‌మ్యాటిక్’ 1994 ఏప్రిల్ 19న విడుదలైంది. పది ట్రాకులు, సుమారు నలభై నిమిషాలు, ఒకే ఒక్క అతిథి ర్యాపర్. అప్పట్లో అమ్మకాలు ఓ మోస్తరుగానే ఉన్నాయి. అయినా హిప్‌హాప్‌లో కొత్తవాళ్ల తొలి ఆల్బమ్‌ను ఇప్పటికీ దీనితోనే పోల్చి చూస్తారు. ఆ ప్రాధాన్యం ఆల్బమ్ బిగువు నుంచి వచ్చింది. ఒకే వాడను పట్టుకుని, ఒకే గొంతుతో, వేర్వేరు ప్రొడ్యూసర్ల (ర్యాప్‌లో పాటకు సంగీతం కూర్చేవాళ్ల) పనిని ఒక్క స్వభావంలోకి తెచ్చిన తీరు ర్యాప్ ఆల్బమ్ ఎలా ఉండాలనే ఆలోచననే మార్చింది.

ర్యాప్‌లో ఉత్తమ ఆల్బమ్‌ల జాబితా ఏది చూసినా ‘ఇల్‌మ్యాటిక్’ పేరు ముందు వరుసలో ఉంటుంది. ఆ పేరు విని మొదటిసారి వినేవాళ్లకు సందేహం కలగడం సహజం. ఇందులో ఊరంతా మోగిపోయిన హిట్ పాట లేదు. పార్టీల్లో డ్యాన్స్ చేయించే ఊపూ తక్కువే. లెక్కలు చూస్తే సందేహం ఇంకా పెరుగుతుంది. విడుదలైన వారం బిల్‌బోర్డ్ 200 చార్టులో 12వ స్థానం దక్కింది. అమెరికాలో అయిదు లక్షల కాపీలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు 1996లో, పది లక్షలకు ఇచ్చే ప్లాటినం గుర్తింపు 2001లో వచ్చాయి. ‘ఇల్‌మ్యాటిక్’ విడుదలకు అయిదు నెలల ముందు, 1993 నవంబరులో, కాలిఫోర్నియా ర్యాపర్ స్నూప్ డాగ్ తొలి ఆల్బమ్ ‘డాగీస్టైల్’ ఒక్క వారంలోనే ఎనిమిది లక్షలు దాటి అమ్ముడై నేరుగా ఒకటో స్థానంలో దిగింది.

రెండూ తొలి ఆల్బమ్‌లే, రెండూ గొప్ప పేరున్నవే. కానీ కొత్త ర్యాపర్ ఒకరు మొదటి ఆల్బమ్ తెచ్చినప్పుడు మెచ్చుకోవడానికైనా, పెదవి విరవడానికైనా విమర్శకులు ముందుకు తెచ్చే పోలిక నాస్‌దే. అమ్మకాలు ఇవ్వని ఈ హోదా ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావాలంటే ముందు ఆల్బమ్ పుట్టిన చోటును చూడాలి.

క్వీన్స్‌బ్రిడ్జ్: ఆల్బమ్ మొత్తం నడిచే వాడ

న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో, ఈస్ట్ నది ఒడ్డున, మన్‌హాటన్‌కు సరిగ్గా ఎదురుగా క్వీన్స్‌బ్రిడ్జ్ హౌసెస్ ఉంటాయి. ఉత్తర అమెరికాలోనే అతి పెద్ద ప్రభుత్వ గృహ సముదాయం ఇది. మూడు వేలకు పైగా ఫ్లాట్లు, ఆరంతస్తుల ఇటుక భవనాలు. 1939లో ప్రారంభమైనప్పుడు ఖర్చు తగ్గించుకునేందుకు లిఫ్టులు ఒకటి, మూడు, అయిదు అంతస్తుల్లో మాత్రమే ఆగేలా కట్టారు. తక్కువ ఆదాయం ఉన్న కార్మిక కుటుంబాల కోసం కట్టిన సముదాయం ఇది. 1950లలో ఆదాయం ఒక పరిమితి దాటిన కుటుంబాలను వేరే గృహ సముదాయాలకు తరలించారు. అలా వెళ్లినవాళ్లలో ఎక్కువ మంది తెల్లవాళ్లు. దాంతో నిలకడైన సంపాదన ఉన్న ఇళ్లు తగ్గి, పేదరికం ఒక్కచోట పేరుకుంది. 1980లలో క్రాక్ కొకైన్ వచ్చేసరికి దాన్ని తట్టుకునే బలం అక్కడ మిగల్లేదు. 1990లో న్యూయార్క్ నగరం మొత్తం మీద రెండు వేల రెండు వందలకు పైగా హత్యలు జరిగాయి. ఆ నగర చరిత్రలో అంతటి చెడ్డ ఏడాది మరొకటి లేదు.

నాస్ అసలు పేరు నసీర్ జోన్స్. 1973 సెప్టెంబరులో పుట్టాడు. న్యూయార్క్‌లోనే ఉన్న బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ ఇచ్చిన పార్టీని హిప్‌హాప్ పుట్టుకగా లెక్కిస్తారు, అది జరిగి అప్పటికి నెల రోజులే అయింది. తండ్రి ఓలు దారా మిసిసిపీ నుంచి వచ్చిన జాజ్ కళాకారుడు, కార్నెట్ వాయిస్తాడు. తల్లి పోస్టల్ శాఖలో ఉద్యోగి. నాస్ ఎనిమిదో తరగతి తర్వాత బడి మానేశాడు. 1992లో అతని ఆప్త మిత్రుడు విల్లీ గ్రహం కాల్పుల్లో చనిపోయాడు. అదే రాత్రి నాస్ తమ్ముడికీ తూటా తగిలింది, ప్రాణం మాత్రం దక్కింది. ఆల్బమ్‌లో పోయినవాళ్ల ప్రస్తావన అన్నిసార్లు రావడం వెనుక ఈ నేపథ్యం ఉంది.

ఆ వాడకు సంగీత చరిత్ర కూడా ఉంది. 1980ల మధ్యలో ప్రొడ్యూసర్ మార్లీ మార్ల్, ర్యాపర్ ఎంసీ షాన్ క్వీన్స్‌బ్రిడ్జ్ నుంచే వచ్చారు. షాన్ తన వాడను పొగుడుతూ చేసిన పాటకు బ్రాంక్స్ నుంచి కేఆర్ఎస్-వన్ జవాబు ఇచ్చాడు. అలా మొదలైన మాటల పోరు హిప్‌హాప్ తొలి పెద్ద ప్రాంతీయ వివాదాల్లో ఒకటి. ఆ పోరులో క్వీన్స్‌బ్రిడ్జ్ ఓడిపోయిందనే పేరు మిగిలింది. నాస్ ఆ మాటలు వింటూ పెరిగిన తరం.

ఆల్బమ్ ఈ భౌగోళికాన్ని దాచుకోలేదు. ఎల్పీ రికార్డు రెండు వైపులకు ఆ సముదాయం ఉత్తర, దక్షిణ భాగాలను సూచించే ‘ఫార్టియెత్ సైడ్ నార్త్’, ‘ఫార్టీఫస్ట్ సైడ్ సౌత్’ అనే పేర్లు పెట్టారు. అట్ట మీద ఏడేళ్ల నాస్ ముఖం, ఆ ముఖంలోంచి కనిపించే వీధి, భవనాలు. ఈ సంగీతం ఎక్కడిదో అట్ట చూస్తేనే అర్థమైపోతుంది.

1994లో న్యూయార్క్ పరిస్థితి

1991 దాకా బిల్‌బోర్డ్ చార్టులు రికార్డు షాపులవాళ్లు చెప్పే మాట మీద తయారయ్యేవి. ఆ ఏడాది మే నుంచి సౌండ్‌స్కాన్ అనే పద్ధతి వచ్చింది. కౌంటర్లో బార్‌కోడ్ స్కాన్ చేసిన ప్రతి కాపీ లెక్కలోకి వస్తుంది. దాంతో ర్యాప్ నిజంగా ఎంత అమ్ముడవుతోందో మొదటిసారి బయటపడింది. కొన్ని వారాలకే కాలిఫోర్నియా బృందం ఎన్.డబ్ల్యూ.ఎ. ఆల్బమ్ ఒకటో స్థానానికి ఎక్కింది. పెద్ద లేబుల్స్ (రికార్డు కంపెనీలు) ఒక్కసారిగా ర్యాప్ వైపు తిరిగాయి.

ఆ డబ్బులో ఎక్కువ వాటా పశ్చిమ తీరానికి పోయింది. 1992 డిసెంబరులో డాక్టర్ డ్రే ‘ద క్రానిక్’ వచ్చింది. మెత్తటి సింథసైజర్లు, లోతైన బేస్, కారులో పెట్టుకుని వినడానికి వీలైన శబ్దం. హిప్‌హాప్‌కు పుట్టింటిలాంటి న్యూయార్క్ వెనుకబడింది. 1993 నవంబరులో స్టాటెన్ ఐలండ్ బృందం వూ-ట్యాంగ్ క్లాన్ తొలి ఆల్బమ్, 1994 ఏప్రిల్‌లో ‘ఇల్‌మ్యాటిక్’, అదే సెప్టెంబరులో నటోరియస్ బి.ఐ.జి. తొలి ఆల్బమ్ ‘రెడీ టు డై’ వరసగా రావడంతో తూర్పు తీరం మళ్లీ లేచింది. మూడూ తొలి ఆల్బమ్‌లే కావడం గమనించాల్సిన సంగతి. పేరున్న పాతవాళ్ల వల్ల కాని పని కొత్తవాళ్లు చేశారు.

మూడింటి దారులు మాత్రం వేరు. వూ-ట్యాంగ్‌లో తొమ్మిది మంది. కుంగ్‌ఫూ సినిమాల పురాణం ఒకటి అల్లుకుని దాని లోపల నిలబడ్డారు. బిగ్గీ (నటోరియస్ బి.ఐ.జి.) ఆల్బమ్ పుట్టుక నుంచి చావు దాకా సాగే కథ, మధ్యలో రేడియోకు నప్పే తీపి పాటలు కూడా ఉన్నాయి. నాస్ ఈ రెండు దారుల్లోనూ నడవలేదు. కిటికీ దగ్గర కూర్చుని కింద జరిగేది చూసి చెప్పే కుర్రాడి స్థానంలో నిలబడ్డాడు.

మూడేళ్ల నిరీక్షణ

1991లో మెయిన్ సోర్స్ అనే బృందం తమ ఆల్బమ్‌లోని ‘లైవ్ ఎట్ ద బార్బెక్యూ’ అనే పాటలో నాస్‌కు ఒక వర్స్ (చరణం లాంటి భాగం) ఇచ్చింది. అప్పటికి అతనికి ఇంకా ఇరవై ఏళ్లు లేవు. ఆ ఒక్క వర్స్‌తోనే న్యూయార్క్ ర్యాప్ లోకం అతని పేరు అడగడం మొదలుపెట్టింది. ఆ బృందం ప్రొడ్యూసర్ లార్జ్ ప్రొఫెసర్ అంతకు ముందు నుంచే, పెద్ద ర్యాపర్ల కోసం బుక్ చేసిన స్టూడియోలో వాళ్లు లేని గంటల్లో నాస్ చేత డెమోలు చేయించేవాడు. తర్వాత ర్యాపర్ ఎంసీ సెర్చ్ అతన్ని కొలంబియా రికార్డ్స్‌కు పరిచయం చేశాడు. అక్కడ ఫెయిత్ న్యూమన్ ఒప్పందం కుదిర్చింది. 1992లో ఒక సినిమా సౌండ్‌ట్రాక్ కోసం చేసిన ‘హాఫ్‌టైమ్’ తొలి సోలో సింగిల్‌గా వచ్చింది.

తొలి పాటకూ తొలి ఆల్బమ్‌కూ మధ్య ఉన్న ఈ మూడేళ్లు చాలా కీలకం. తొలి ఆల్బమ్‌కు ముందు ర్యాపర్ మీద గడువు ఒత్తిడి ఉండదు, అభిమానుల అంచనా ఉండదు, ఏళ్ల తరబడి నోట్‌బుక్కుల్లో పోగైన లైన్లు ఉంటాయి. వాటిలోంచి మంచివి మాత్రమే ఏరుకునే వీలు అప్పుడే దొరుకుతుంది. రెండో ఆల్బమ్ ఆ సరుకు అయిపోయాక, కాంట్రాక్టు గడువు లోపల రాయాలి. తొలి ఆల్బమ్‌కు హిప్‌హాప్‌లో అంత బరువు ఉండటానికి ఒక ముఖ్య కారణం ఇదే. ‘ఇల్‌మ్యాటిక్’ ఆ నిరీక్షణను పూర్తిగా వాడుకుంది.

నిరీక్షణకు నష్టం కూడా ఉంది. విడుదలకు ముందే దొంగ కాపీలు న్యూయార్క్ వీధుల్లో చేతులు మారాయి. ఆసక్తి ఎక్కువున్న శ్రోతల్లో చాలామంది ఆల్బమ్ షాపుకు రాకముందే వినేశారు. తొలి నెలల అమ్మకాలు తగ్గడంలో దీనికీ పాత్ర ఉందని ఆల్బమ్ మీద పనిచేసినవాళ్లే చెప్పారు.

ఇందరు ప్రొడ్యూసర్లు, ఒకే రంగు

ఆల్బమ్ నిర్మాణంలో అసలు కొత్తదనం ఇక్కడ ఉంది. అప్పటిదాకా మంచి ర్యాప్ ఆల్బమ్ అంటే ఒక బృందం, దానికి సొంత ప్రొడ్యూసర్. గ్యాంగ్ స్టార్‌కు డీజే ప్రీమియర్, మెయిన్ సోర్స్‌కు లార్జ్ ప్రొఫెసర్, సీఎల్ స్మూత్‌కు పీట్ రాక్, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్‌కు క్యూ-టిప్. ఆ ఇంటి శబ్దం ఆ ఇంటిదే. నాస్ కోసం ఈ నలుగురూ ఒక్క ఆల్బమ్‌లోకి వచ్చారు. ప్రీమియర్, లార్జ్ ప్రొఫెసర్ మూడేసి పాటలు, పీట్ రాక్, క్యూ-టిప్ ఒక్కో పాట చేశారు. క్వీన్స్‌బ్రిడ్జ్‌కే చెందిన ఎల్.ఇ.ఎస్. మరో పాట ఇచ్చాడు.

ఇంతమంది కలిస్తే ఆల్బమ్ అతుకుల బొంత కావాలి. కాలేదు. అందుకు కారణాలు చెప్పుకోదగ్గవి.

మొదటిది పనిముట్లు. పీట్ రాక్, లార్జ్ ప్రొఫెసర్ ప్రధానంగా వాడింది ఇ-ము కంపెనీ 1987లో తెచ్చిన ఎస్పీ-1200 అనే శాంప్లర్, అంటే పాత రికార్డుల నుంచి శబ్దం ముక్కలు (శాంపిల్స్) తీసుకుని వాడుకునే యంత్రం. దాని మెమరీలో మొత్తం కలిపి పది సెకన్ల శబ్దమే పడుతుంది. ఆ పది సెకన్లలోనే డ్రమ్స్, బేస్, పియానో ముక్కలన్నీ సర్దాలి. అందుకని 33 వేగంతో తిరగాల్సిన రికార్డును 45 వేగంతో తిప్పి శాంపిల్ తీసుకుని, యంత్రంలో మళ్లీ నెమ్మది చేసేవాళ్లు. ఇలా చేస్తే చోటు మిగులుతుంది, కానీ శబ్దంలో కొంత బరకదనం, మసక చేరుతుంది. 12-బిట్ యంత్రం స్వభావం కూడా దానికి తోడవుతుంది. న్యూయార్క్ ర్యాప్‌కు పేరుగా నిలిచిన ఆ ధూళి పట్టిన శబ్దం చాలావరకు ఈ పరిమితి నుంచి పుట్టింది. పరికరాలు, అలవాట్లు దగ్గరగా ఉన్నవాళ్లు కాబట్టి పాటలు వేర్వేరు చేతుల్లో తయారైనా ఒకే గదిలో చేసినట్టు వినిపిస్తాయి.

రెండోది ముడిసరుకు. వీళ్లందరూ తవ్వింది దాదాపు ఒకే గనిని, అంటే 1970ల జాజ్, సోల్, ఫంక్ రికార్డులను. ‘ద వరల్డ్ ఈజ్ యువర్స్’లో వినిపించే పియానో అహ్మద్ జమాల్‌ది. ‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’లో గుబులు పుట్టించే పియానో ముక్క డ్రమ్మర్ జో చేంబర్స్ రికార్డులోది. ‘వన్ లవ్’కు ఆధారం హీత్ బ్రదర్స్ సంగీతం. ఆఖరి పాట ‘ఇట్ ఎయింట్ హార్డ్ టు టెల్’లో మైకేల్ జాక్సన్ ‘హ్యూమన్ నేచర్’ శాంపిల్ ఉంది. పాప్ రాజుగా పేరున్న గాయకుడి మెత్తటి పాట వీధి ర్యాపర్ గొంతు కింద ఎంత సహజంగా ఒదిగిందో విని తీరాలి.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1991 డిసెంబరులో ర్యాపర్ బిజ్ మార్కీ మీద గిల్బర్ట్ ఓ’సల్లివన్ పాట వాడుకున్న కేసులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చింది. దొంగతనం చేయకూడదన్న బైబిల్ ఆజ్ఞతో ఆ తీర్పు మొదలవుతుంది. ఆ తర్వాత ప్రతి శాంపిల్‌కూ అనుమతి, డబ్బు తప్పనిసరి అయ్యాయి. 1980ల చివరలో పబ్లిక్ ఎనిమీ లాంటి బృందాలు ఒక్క పాటలోనే లెక్కలేనన్ని ముక్కలు కలిపి చేసిన సంగీతం ఆర్థికంగా దాదాపు అసాధ్యమైంది. పాటకు ఒకటి రెండు ముక్కలు ఎంచుకుని, వాటినే తిప్పి తిప్పి వాడే పద్ధతి బలపడింది. ‘ఇల్‌మ్యాటిక్’ ఆ పద్ధతికి చక్కటి నమూనా. బీట్‌లో (గొంతు కింద నడిచే సంగీతంలో) ఖాళీ ఎక్కువ, గొంతు నిలబడేందుకు చోటు ఎక్కువ.

మూడో కారణం నాస్ గొంతే. అతిథిగా వచ్చిన ఎజీ ఒక్కడే. అతను మూడో ట్రాక్‌లో ఒక వర్స్ చెప్పి వెళ్లిపోతాడు. అదే పాట చివర ఓలు దారా కార్నెట్ వినిపిస్తుంది. తండ్రి జాజ్ నుంచి కొడుకు ర్యాప్ దాకా నల్లజాతి సంగీతం నడిచిన దారి ఒక్క నిమిషంలో తెలిసిపోయే చోటు అది.

ఈ నిర్మాణ పద్ధతి తర్వాత పరిశ్రమకు మామూలైపోయింది. కొత్త ర్యాపర్‌కు లేబుల్ ఒప్పందం కుదిరితే పేరున్న ప్రొడ్యూసర్లందరి దగ్గరా ఒక్కో బీట్ కొనడం రివాజు అయింది. ఆ రివాజు ఎక్కువసార్లు చెదిరిపోయిన ఆల్బమ్‌లనే ఇచ్చింది. కారణం స్పష్టంగానే కనిపిస్తుంది. పేర్లు అరువు తెచ్చుకోవచ్చు, ఆ పేర్ల మధ్య ఉన్న ఉమ్మడి అభిరుచిని తెచ్చుకోలేం.

లైను లోపలి పని

నాస్ రాతను ఎందుకు అంతగా పొగుడుతారో తెలుగు పాఠకుడికి ఛందస్సు వైపు నుంచి చెప్పడం తేలిక. తొలి తరం ర్యాప్‌లో రెండు లైన్ల చివరి మాటలు కలిస్తే చాలు. మన గేయాల్లోని అంత్యప్రాస లాంటిదే అది. లైను ముగియగానే అర్థం కూడా ముగిసేది. 1980ల మధ్యలో రకీం అనే ర్యాపర్ దీన్ని మార్చాడు. ప్రాసను లైను మధ్యలోకీ తెచ్చాడు, గొంతు పెంచకుండా మాట్లాడినట్టే చెప్పాడు. నాస్ ఆ దారిని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ఒక అక్షరం, ఒక మాట స్థాయిలో ఆగకుండా మూడు నాలుగు అక్షరాల ధ్వని గుంపును పట్టుకుని, దాన్ని వరసగా నాలుగైదు లైన్లలో వేర్వేరు చోట్ల మోగిస్తాడు. వాక్యం లైను చివర ఆగదు, తర్వాతి లైను మధ్యలోకి వెళ్లి అక్కడ ముగుస్తుంది. మన వృత్త పద్యాల్లో మాట ఒక పాదంలో మొదలై తర్వాతి పాదంలో పూర్తవడం వింతేమీ కాదు. పద్యం చదివేవాడికి ఆ ఒరవడి ఇచ్చే వేగం తెలుసు. ర్యాప్‌లో ఆ వేగం డ్రమ్ దెబ్బకు ఎదురు నడుస్తుంది. కాబట్టి వినేవాడికి తర్వాతి విరామం ఎక్కడో ముందే తెలియదు, చెవి అప్రమత్తంగా ఉండక తప్పదు.

‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’ మొదటి వర్స్ దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. మొదలుపెట్టే ముందు ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదని నాస్ అనుకోవడం రికార్డులో వినిపిస్తుంది. వెంటనే ఊపిరి తిప్పుకోకుండా సుదీర్ఘమైన వర్స్ అందుకుంటాడు. అది ఒకే టేక్‌లో చేసిందని డీజే ప్రీమియర్ చెప్పాడు. తన ర్యాప్ గురించి గొప్పలతో మొదలై, కాల్పులు, తుపాకీ మొరాయించడం, భవనం లాబీలో పిల్లలు అడ్డురావడం మీదుగా సాగి, తన గురించి తాను ఆలోచించుకునే చోటికి వస్తుంది. వీరత్వం ఉంది, భయమూ ఉంది. భయాన్ని దాచకపోవడం అప్పటి వీధి ర్యాప్‌లో అరుదు.

‘వన్ లవ్’ రూపం వేరు. జైల్లో ఉన్న స్నేహితులకు రాసే ఉత్తరాల పాట ఇది. బయట ఎవరు ఏమయ్యారు, పుట్టిన బిడ్డ ఎవరిలా ఉంది, ఎవరు మాట తప్పారు, ఇలా ఉత్తరంలో ఏమేం రాస్తామో అవన్నీ ఉంటాయి. దీని వెనుక ఒక చట్టం నీడ ఉంది. నాస్ పుట్టిన 1973లోనే న్యూయార్క్ రాష్ట్రం రాక్‌ఫెల్లర్ మాదకద్రవ్య చట్టాలు తెచ్చింది. కొద్ది ఔన్సుల సరుకుతో దొరికినా కనీసం పదిహేనేళ్ల జైలు పడే శిక్షలు అవి. ఇరవై ఏళ్లు తిరిగేసరికి క్వీన్స్‌బ్రిడ్జ్ లాంటి చోట్ల ఒక తరం కుర్రాళ్లలో చాలామంది జైలుకు పోయి వచ్చినవాళ్లో, జైల్లో ఉన్నవాళ్లో. చట్టం గురించి పాటలో ఒక్క ఉపన్యాసం కూడా లేదు. ఉత్తరాలు మాత్రమే ఉన్నాయి. చివరి భాగంలో వీధిలో ఎదురైన పన్నెండేళ్ల పిల్లాడితో సంభాషణ వస్తుంది. జైలుకు వెళ్లినవాళ్ల జాగాలోకి ఎవరు వస్తున్నారో ఆ పిల్లాడి మాటల్లో తెలుస్తుంది. సామాజిక నివేదికలు పేజీల కొద్దీ చెప్పేది ఈ పాట అయిదున్నర నిమిషాల్లో చెబుతుంది. ఆల్బమ్‌లో అతి గొప్ప పాట ఇదేనని చెప్పడం అతిశయోక్తి కాదు.

పేరు ఎలా పెరిగింది

అమ్మకాలు లేని చోట పేరు నిలవాలంటే దాన్ని మోసేవాళ్లు కావాలి. ‘ఇల్‌మ్యాటిక్’కు ఆ పని మొదట పత్రిక చేసింది. హార్వర్డ్ విద్యార్థులు 1988లో మొదలుపెట్టిన ‘ద సోర్స్’ అప్పటికి హిప్‌హాప్‌లో అత్యంత ప్రభావం ఉన్న పత్రిక. ఆల్బమ్‌లకు అయిదు మైకుల లెక్కన రేటింగ్ ఇచ్చేది. ఒక కొత్త ర్యాపర్ తొలి ఆల్బమ్‌కు అయిదుకు అయిదు ఇవ్వడం సంచలనమైంది. ‘ద క్రానిక్’కు కూడా ఆ పత్రిక నాలుగున్నరే ఇచ్చి ఉండటంతో వాదన ఇంకా ముదిరింది. ఆ వాదనే ఆల్బమ్‌కు ప్రచారమైంది.

తర్వాత ర్యాపర్లే దాన్ని మోశారు. 1996లో జే-జీ తన తొలి ఆల్బమ్‌లో ‘ద వరల్డ్ ఈజ్ యువర్స్’ నుంచి నాస్ గొంతు ముక్కను పల్లవిగా వాడుకున్నాడు. అయిదేళ్ల తర్వాత ఇద్దరికీ చెడి మాటల యుద్ధం నడిచినప్పుడు, నాస్‌కు పదేళ్లకో మంచి ఆల్బమ్ సగటు అని వెక్కిరించింది కూడా జే-జీయే. వెక్కిరింపులో సైతం ‘ఇల్‌మ్యాటిక్’ గొప్పదని ఒప్పుకోక తప్పలేదు.

సంస్థలు ఆలస్యంగా వచ్చాయి. గ్రామీ అవార్డుల్లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ అనే విభాగమే 1996లో మొదలైంది, అంటే ‘ఇల్‌మ్యాటిక్’ వచ్చినప్పుడు పోటీ పడేందుకు ఆ చోటు లేదు. 2010లో ఒక్కో ట్రాక్ మీద ఒక్కో పండితుడు రాసిన వ్యాసాల సంపుటి వచ్చింది. 2013లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నాస్ పేరుతో హిప్‌హాప్ ఫెలోషిప్ ఏర్పాటు చేసింది. మరుసటి ఏడాది వాషింగ్టన్‌లోని కెనడీ సెంటర్‌లో నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి నాస్ ఈ ఆల్బమ్‌ను వినిపించాడు. 2021 మార్చిలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. ఏడాదికి పాతికే చేర్చే జాబితా అది. నాస్‌కు మొదటి గ్రామీ వచ్చింది కూడా అదే నెలలో, మరో ఆల్బమ్‌కు.

నీడ

ఇంత పేరు నాస్‌కు భారమైంది కూడా. 1996లో వచ్చిన రెండో ఆల్బమ్ ‘ఇట్ వజ్ రిటెన్’ ఒకటో స్థానంలో దిగింది, తొలి ఆల్బమ్ కంటే ఎంతో వేగంగా అమ్ముడైంది. శబ్దంలో మెరుగు ఎక్కువ, రేడియోకు నప్పే పాటలున్నాయి. అప్పటి విమర్శకుల్లో చాలామంది దాన్ని డబ్బు కోసం అమ్ముడుపోవడంగా చూశారు. ఇప్పుడు వింటే అంత కఠినమైన తీర్పు న్యాయం కాదని అనిపిస్తుంది. మంచి ఆల్బమ్‌నే, ఇంకో ఆల్బమ్ కానందుకు తప్పుపట్టారు.

ఆ నీడ ఇతరుల మీదా పడింది. 2012లో కెండ్రిక్ లామార్ పెద్ద లేబుల్‌లో తొలి ఆల్బమ్‌గా కాలిఫోర్నియాలోని కాంప్టన్ కుర్రాడి ఒక రోజు కథ తెచ్చినప్పుడు, అట్ట మీద తన చిన్ననాటి ఫొటో పెట్టినప్పుడు, పోలిక వెంటనే మొదలైంది. ఒకే వాడ, ఒకే కుర్రాడు, చూసినది చూసినట్టు చెప్పడం అనే చట్రం ర్యాప్‌లో తొలి ఆల్బమ్‌కు తిరుగులేని మార్గంగా స్థిరపడింది.

ఈ చట్రానికి పరిమితులున్నాయి. ‘ఇల్‌మ్యాటిక్’ చూపించే క్వీన్స్‌బ్రిడ్జ్ మగపిల్లల క్వీన్స్‌బ్రిడ్జ్. ఆ భవనాల్లో ఉద్యోగాలకు వెళ్లి ఇళ్లు నడిపిన తల్లులు, అక్కాచెల్లెళ్లు ప్రస్తావనల్లో మెరిసి మాయమవుతారు. ఆడవాళ్లను కించపరిచే మాటలూ ఉన్నాయి. కొలమానంగా దీన్నే పెట్టుకున్నప్పుడు, వీధి కథ చెప్పని ర్యాపర్లను, ముఖ్యంగా మహిళలను, తక్కువగా చూసే అలవాటు విమర్శలో పాతుకుంది. 1998లో లారిన్ హిల్ సోలోగా తెచ్చిన తొలి ఆల్బమ్ ఏడాది తిరగకుండానే గ్రామీల్లో ఏడాది ఉత్తమ ఆల్బమ్ అవార్డు గెలుచుకుంది. అయినా ర్యాప్ చర్చల్లో దాన్ని పాటల ఆల్బమ్ అని పక్కకు నెట్టడం చాలాకాలం సాగింది.

మన దేశం దాకా

నాస్‌కు భారత్‌తో ఉన్న సంబంధం నేరుగా ఉన్నదే. 2019 ఫిబ్రవరిలో వచ్చిన హిందీ సినిమా ‘గల్లీ బాయ్’కు అతను ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. అదే ఏడాది అతని మాస్ అపీల్ సంస్థ యూనివర్సల్ మ్యూజిక్‌తో కలిసి భారత్‌లో లేబుల్ తెరిచింది. ముంబై ర్యాపర్ డివైన్‌తో మొదటి ఒప్పందం చేసుకుంది. డివైన్ తొలి ఆల్బమ్ ‘కోహినూర్’ 2019 అక్టోబరులో వచ్చింది. అంధేరీ గల్లీల కుర్రాడు ముంబై హిందీలో తన వాడ గురించి చెప్పిన ఆల్బమ్ అది. క్వీన్స్‌బ్రిడ్జ్ పద్ధతి మరో నగరంలో పనిచేయగలదని అది చూపించింది.

తెలుగులో లెక్క వేరు. హైదరాబాద్ నుంచి రోల్ రైడా, ప్రణవ్ చాగంటి లాంటివాళ్లు సినిమాలకు రాస్తూ, పాడుతూనే విడిగా కూడా ర్యాప్ చేశారు. ప్రతిభకు కొరత లేదు. కానీ తెలుగు శ్రోతకు ఆల్బమ్ అంటే సినిమా ఆడియో అనే అలవాటు దశాబ్దాలది. సినిమా పాటలో ర్యాప్ సందర్భానికి తగిన ఎనిమిది లైన్లకో, పదహారు లైన్లకో కుదించుకుపోతుంది. హీరో పాత్ర కోసం రాసే లైన్లలో ర్యాపర్ సొంత వాడకు చోటు ఉండదు. సినిమా బయట చేసిన ర్యాప్ ఎక్కువగా ఒక్కో సింగిల్‌గా యూట్యూబ్‌లోకి వస్తుంది. వీడియోకు ఖర్చు, వ్యూస్ లెక్క, మళ్లీ ఇంకో సింగిల్. నలభై నిమిషాల పాటు ఒకే గొంతుతో ఒకే చోటును చెప్పే తొలి ఆల్బమ్ తెలుగులో నిలబడాలంటే ర్యాపర్‌కు మూడేళ్లు ఆగే వీలు ఇచ్చే లేబుల్ కావాలి, బీట్‌లో ఖాళీ వదలగల ప్రొడ్యూసర్లు కావాలి, సినిమా పక్కన పెట్టి ఆల్బమ్‌ను ఆల్బమ్‌గా సమీక్షించే పత్రికలో, వెబ్‌సైట్లో కావాలి. నాస్ చుట్టూ 1991, 1994 మధ్య ఈ మూడూ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఇప్పటికి ర్యాపర్లు, ప్రొడ్యూసర్లు ఉన్నారు. లేబుల్, సమీక్ష ఈ రెండే ఇంకా సినిమా చుట్టూ తిరుగుతున్నాయి.